కాలి దస్తూరీ

"పెద్దమ్మా, అది నా కుర్చీ."

తడిసిన రెయిన్‌కోటుతో, టీ ఫ్లాస్కుతో కూర్చున్న ముసలావిడ తలెత్తి చూసింది.

బ్రయొనీకి నవ్వి పలకరించే తీరిక లేదు. లీడ్స్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ చదివి, బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, ఈ రేసు జట్టులో ఒక్క రోజు పరీక్షకి వచ్చింది. కొత్త కారు ఎందుకు వెనకబడుతోందో సాయంత్రంలోగా చెబితే ఉద్యోగం. లేకపోతే మళ్ళీ ఆ బ్యాంకే.

చెప్పగలనని ఆమెకి అనుమానమే లేదు.

"కారు ఎవరు నడిపారో ఈ కంప్యూటరు చెబుతుందా అమ్మాయ్?"

"చిటికెలో. బ్రేకు తొక్కే తీరు ఒక్కొక్కరిదీ ఒక్కో రకం. చేతిరాత ఉన్నట్టే కాలికీ ఒక దస్తూరీ ఉంటుంది."

"అయితే నాకొకటి చూపిస్తావా?"

"ఇప్పుడు కాదు. ఇదిగో, ఈ చొక్కా ఉన్నవాళ్ళే ఇక్కడ ఉండాలి. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ తాడు అవతల."

చొక్కా మీద ఎర్రదారంతో కుట్టిన 'ఆష్బీ రేసింగ్' అన్న అక్షరాలను ముసలావిడ ఓపిగ్గా చదివింది.

"నీకు బాగా నప్పింది. నా పేరు విన్నీ," అంది. కుర్చీ మీద తడి తుడిచి మరీ వెళ్ళిపోయింది.

మధ్యాహ్నానికి డ్రైవరు టోబీ కారు దిగుతూనే హెల్మెట్ బల్లమీద గిరాటేశాడు.

"ఇది కారా, కిచెన్ టేబులా? పెద్ద మలుపులో నిలిస్తే ఒట్టు!"

స్ప్రింగులు మార్చారు. టైర్లు మార్చారు. టోబీ పాట మారలేదు.

"ఏమంటావ్, కంప్యూటరమ్మా? పెట్టె సర్దుకుంటావా?" అన్నాడు మేనేజరు డెస్.

"ఇలా వచ్చి చూడండి," అంది బ్రయొనీ.

తెరమీది గీతల్లో, పెద్ద మలుపు దగ్గర టోబీ కాలు బ్రేకు తొక్కింది, వదిలింది, మళ్ళీ తొక్కింది. ట్రాకు చుట్టిన ప్రతి ల్యాప్‌లోనూ అంతే. పొద్దున తను రాకముందే తీసిన మొదటి ల్యాప్‌లో మాత్రం ఇంకెవరిదో కాలు. ఒక్కసారే తొక్కి, మెల్లగా వదిలింది. కారు రివ్వున మలుపు దాటేసింది.

"కారు బంగారం. టోబీకే ఆ మలుపంటే బెదురు."

టోబీ మొహం కందగడ్డ అయింది. డెస్ ఆ రెండు ల్యాపులూ పక్కపక్కన పెట్టించి మరోసారి చూశాడు.

"సోమవారం నుంచి వచ్చెయ్."

బ్రయొనీకి ఎగిరి గంతేయాలనిపించింది. "ముందు ఆ మొదటి ల్యాప్ డ్రైవరెవరో చెప్పండి. ఆ కాలు పక్కనుంటే ఏ కారునైనా గెలిపిస్తాను."

"ఇంక కుదరదు. మా కొత్త కారు ఏదైనా మొదటి ల్యాప్ ఆవిడే తియ్యాలి, అది మా ఆనవాయితీ. నడుం ఒప్పుకోవడం లేదు, ఇదే ఆఖరు అంది. ఇతరులు నడుపుతుంటే చూస్తూ కూర్చోలేనని, మళ్ళీ ట్రాకు మొహం చూడనని ఒట్టేసుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు ఆ ఆఖరి ల్యాప్ ఒక్కసారి తెరమీద చూసుకుంటానని నీ దగ్గరికే వచ్చిందే, చూపించలేదా?"

బ్రయొనీ తన కుర్చీ వంక చూసింది. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

"విన్నీయా? అసలు ఎవరావిడ?"

"పొద్దుట్నుంచీ ఆవిడ ఇంటిపేరు ఒంటిమీద వేసుకునే తిరుగుతున్నావు కదమ్మా," అన్నాడు డెస్.