ఆదివారం తిండి

సోమవారం పొద్దున్నే ఆమె ల్యాబులో తన సీసాల ర్యాకు ముందు ఆగిపోయింది.

ఈగలు తనవే. సీసాల అడుగున తిండి మాత్రం కొత్తది.

పక్కనే చీటీ. ఏటవాలు అక్షరాలు. 'ఈ ఆదివారం కూడా తిండి మార్చాను. వచ్చేవారం నుంచి నాకు ఆస్పత్రి. నువ్వే మార్చుకోవాలి.'

"తాతా, ఇది నీ పనేనా?"

సింకు దగ్గర ముసలాయన తలెత్తాడు. ల్యాబులో అందరికీ ఆయన సీసాల తాత. రోజూ వచ్చి ఖాళీ సీసాలు కడుగుతాడు.

"నాదే డాక్టరమ్మా. శుక్రవారం నుంచి మూడు రోజులు అదే తిండంటే పాడైపోదూ? ముసలి ఈగలు. పేగులు దెబ్బతింటాయి."

"ఇంకా డాక్టర్ని కాలేదు. నీలాంటివాళ్ళు చెయ్యిపెడితే కాను కూడా."

మూడేళ్ళుగా ఆమెది ఒకటే పని. ఈగ పేగు దెబ్బతింటే మూలకణాలు విభజన చెంది బాగుచేస్తాయి. వాటికి కళ్ళెం వేసే జన్యువు ఒకటుందని ఆమె నమ్మకం. అది తీసేసిన ఈగల్లో కణాలు విచ్చలవిడిగా పెరిగాయి. మామూలు ఈగల్లో ఒదిగి ఉన్నాయి. రెండుసార్లు అలాగే వచ్చింది. మూడోసారీ వస్తే థీసిస్. రాకపోతే మూడేళ్ళూ నీళ్ళపాలు.

"నా ర్యాకు ముట్టుకోకు తాతా."

"మరి ఆదివారం?"

"ఆదివారం ఒక్కరోజైనా పడుకోనివ్వవా?"

"పడుకో తల్లీ. నిన్ను లేపడం ఇష్టంలేకేగా..."

ఆమె చీటీ నలిపి బుట్టలో పడేసింది.

ఆరు వారాల తర్వాత మైక్రోస్కోపు కింద రెండు రకాల పేగులూ ఒకేలా మెరిశాయి. మామూలు ఈగల్లోనూ కణాలు ఎడాపెడా పెరిగిపోయాయి.

కొత్తగా వచ్చిన గైడు కళ్ళు నులుముకున్నాడు.

"ఆదివారాలు తిండి మార్చావా?"

"లేదు సార్."

"ముందు రెండుసార్లూ?"

ఆమెకు బుట్టలో పడేసిన చీటీ గుర్తొచ్చింది: 'ఈ ఆదివారం కూడా'.

ఆఫీసుకు వెళ్ళి తాత ఏ ఆస్పత్రిలో ఉన్నాడని అడిగింది.

"పోయాడమ్మా, పది రోజులైంది," అన్నాడు గుమాస్తా. "ఎవరో ఏమో. నేను వచ్చేసరికే ఉన్నాడు. జీతం కూడా లేదు, ఊరికే వచ్చి కడిగేవాడు."

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆమె కాళ్ళీడ్చుకుంటూ వచ్చి, తన ఈగల జాతిని భద్రపరిచిన మూల సీసా కోసం అల్మారా తెరిచింది.

ప్రతి జాతికీ ఒక కార్డు ఉంటుంది, దాన్ని ఎవరు తయారు చేశారో, ఎలా పెంచాలో చెబుతూ. మూడేళ్ళలో తన ఈగల కార్డును ఆమె ఎన్నడూ తీసి చూడలేదు. ఇప్పుడు తీసింది.

ముప్పై ఏళ్ళ కిందటి తేదీ పక్కన, ఆ జాతిని తయారుచేసిన ప్రొఫెసర్ తన సంతకం పెట్టి, కిందే చీటీలోని అవే ఏటవాలు అక్షరాల్లో రాసిపెట్టాడు: 'ఈ ఈగలకు ఆదివారం సెలవు లేదు.'