భోజనాల బల్ల మీది తలుపు

పియర్స్ మా పక్కిల్లు కొని ఆర్నెల్లు కాలేదు, మా జాలరుల వీధి చరిత్ర నాకే పాఠం చెబుతున్నాడు. లండన్ మేధావి కదా!

విందుకు పిలిచి, భోజనాల బల్లకు సరిగ్గా పైన, కప్పులో ఉన్న చెక్కతలుపు చూపించాడు.

"దొంగసారా పీపాలు దీంట్లోంచే దింపేవాళ్లండీ! మెట్లు చూశారుగా, మనిషి పక్కకి తిరిగితేగానీ పట్టడు. ఏం బుర్రలండీ వాళ్లవి!"

అతిథులు నోళ్లు వెళ్లబెట్టారు.

"మా వరసలో ప్రతి ఇంటికీ ఉంది బాబూ ఆ తలుపు," అన్నాను. "దీంట్లోంచి ఆఖర్న దిగింది, ఈ ఇంట్లోనే ఉండిన మా అన్నయ్య."

పియర్స్ కళ్లు మెరిశాయి. "ఆయనదీ దొంగరవాణాయేనా?"

"కాదు, పై గదిలో పోయాడు. ఆ మెట్ల మలుపులో శవపేటిక తిరగదు. తాళ్లు కట్టి దింపి, ఇదిగో, నీ బల్ల ఉన్నచోటే పడుకోబెట్టాం. తినండి, చేప చల్లారిపోతోంది."