వంకర కాళ్ల మీద పగ

"ఇక కర్ర అవతల పారేయొచ్చు" అన్నాడు డాక్టరు, ఎక్స్‌రేని వెలుగుకు పెట్టి. రెండు కాళ్లూ గీత గీసినట్టు తిన్నగా ఉన్నాయి.

కర్ర పట్టుకుని కూర్చున్న భర్త చిన్నపిల్లాడిలా నవ్వాడు. భార్య మాత్రం ఓడిపోయిన శత్రువును చూసినట్టు ఎక్స్‌రేని చూసింది.

పద్దెనిమిదేళ్ల పగ మరి. పెళ్లయిన కొత్తల్లోనే ఆయన మోకాళ్లు లోపలికి వాలి ఒకదాన్నొకటి ఒరుసుకోవడం మొదలుపెట్టాయి. పాదాలు చెరో దిక్కు. నొప్పి లేచినప్పుడల్లా చేతికర్ర విసిరేవాడు. తగిలేది ఆమెకే. ఆయన వంగలేడు కనక దాన్ని తీసి మళ్లీ ఆయన చేతికిచ్చేదీ ఆమే. కూరలో ఉప్పు తగ్గినా ఇదే వరస.

"వాడు మంచివాడేనమ్మా. ఆ కాళ్లే వాణ్ణలా చేశాయి" అనేది అత్తగారు. పుట్టింటికి ఫోన్ చేస్తే అమ్మదీ అదే పాట.

సరే, ఆ కాళ్ల అంతు చూస్తానని పంతం పట్టింది ఆమె.

ఇంత వంకరైతే మా వల్ల కాదని ముగ్గురు డాక్టర్లు చేతులెత్తేశారు. నాలుగో ఆయన కాగితం మీద బొమ్మ గీశాడు. మామూలుగా ఆపరేషన్‌కి మోకాలి లోపలివైపు నుంచి కోసి వెళ్తారట. ఇలా లోపలికి వాలిన మోకాలికి మాత్రం బయటివైపు నుంచే దారి చేసుకుంటాడట. ఎముకల్ని పట్టి ఉంచే పట్టీలు బిగుసుకుపోయేది అక్కడే, వాటిని వదులు చేస్తే కాలు తిన్నగా వస్తుందన్నాడు.

మళ్లీ వంకర తిరగదు కదా అని ఆమె మూడుసార్లు అడిగింది.

ఆపరేషన్లయ్యాక వ్యాయామం తనే చేయించింది. ఆయన అరిచినా, బతిమాలినా, మోకాలు పూర్తిగా మడిచేదాకా వదల్లేదు.

"నామీద ఇంత కక్షేంటే?"

"మీ మీద కాదండీ, కాళ్ల మీద."

భార్యంటే ఈవిడే అని నర్సులు మురిసిపోయారు.

ఆ ఎక్స్‌రే చూపించుకుని ఇంటికి రాగానే ఆయన సంబరంగా కర్ర విసిరాడు. అది దొర్లుకుంటూ గుమ్మం దగ్గర ఆగింది. ఆమె తీయలేదు. ఆయనే వెళ్లి, వంగి తీసి, తీయగలిగినందుకు తనే ఆశ్చర్యపోయాడు.

ఆమె అటక మీది నీలం పెట్టె దింపి దుమ్ము దులుపుతోంది.

"అప్పుడే ప్రయాణమా? ఎక్కడికి తీసుకెళ్తున్నావేంటి?"

"కాళ్లు లేనివాణ్ణి వదిలేసిందని ఇక ఎవరూ అనలేరు కదండీ, రేపు పొద్దున ఆరింటి బస్సుకి నేను వెళ్లిపోతున్నా, బస్టాండు దాకా ఈ పెట్టె మోసుకొచ్చి పెట్టండి."