ఎనిమిదో తూటా

ఎనిమిది తూటాల్లో ఒక్కటే మిగిలింది.

అది నీలం ప్లాస్టిక్ పళ్లెంలో నిలబడి ఉంది. పక్కన ఆరు ఖాళీ ఇత్తడి గుల్లలు, తూటా మొనలోంచి ఊడదీసిన ఒక గుండు.

రొసెండా రేకుల పందిరి కింద నిలబడి యంత్రం మీది అంకె చూస్తోంది. నూట పద్దెనిమిది.

నూట ఇరవై అయిదు ఉండాలి.

తుపాకి పోటీ మధ్యలో ప్రతి ఒక్కరి దగ్గరా ఎనిమిది తూటాలు తీసుకుంటారు. ఒకదాని గుండు ఊడదీసి తూస్తారు. మూడు పేల్చి వేగం కొలుస్తారు. బరువునీ వేగాన్నీ కలిపి లెక్కగడితే వచ్చేదే తూటా బలం. చాలకపోతే ఇంకో మూడు. అప్పటికీ బలం చాలకపోతే చివరిదాకా కాల్చుకోవచ్చు గానీ పాయింట్లు ఉండవు.

అయిదు రౌండ్లయ్యేసరికి ఆడవాళ్లలో రొసెండాదే మొదటి స్థానం. ఇంకొక్క రౌండు నిలబెట్టుకుంటే జాతీయ జట్టులో చోటు. నలభై ఎనిమిదేళ్ల వయసులో అది మళ్లీ రాదని ఆమెకు తెలుసు.

"నీ యంత్రానికి కళ్లజోడు పెట్టించు, ఫ్లోరో."

అంది గానీ, అది ఆమె సొంత మాట కాదు. ఆమె భర్త ఎలిసియో ప్రతి పోటీలోనూ ఈ బల్ల దగ్గరికొచ్చి అంటూ వచ్చిన మాట. తూకం చూసే ఫ్లోరో ప్రతిసారీ నవ్వేవాడు.

ఇవాళ నవ్వలేదు. పొద్దున్నే సరిచూశామన్నాడు. ఆమెకు ముందు వచ్చిన పదకొండు మందికీ బాగానే చూపించిందన్నాడు. ఆమె ఎండ అంది. చెరకు తోటల మీంచి కొట్టే గాలి అంది. ఒక్కో మాటకీ అతను ఓపిగ్గా తల ఊపి, ఒక్కో మాటనీ కాదన్నాడు.

"ఆయన తూటా ఎప్పుడైనా తప్పిందా? నువ్వే చెప్పు."

"తప్పలేదు వదినా. అదే నాకూ అర్థం కావడం లేదు."

ఇరవై ఏళ్లు ఎలిసియోనే ఆమెకు తూటాలు చేశాడు. రొట్టెల దుకాణం వెనక గదిలో రేడియో కట్టేసి కూర్చునేవాడు. గుల్లల్లో మందు పోసే వేళ ఎవరూ పలకరించకూడదు. ఆమె ఏమైనా అడిగితే ఒక వేలు పైకెత్తేవాడు. యాభై పూర్తయ్యాకే వేలు దిగేది, జవాబు వచ్చేది. కొంప అంటుకున్నా బావ యాభై అయ్యాకే లేస్తాడని రొసెండా చెల్లెలు నెలియా వేళాకోళం చేసేది.

డయాలిసిస్‌కి వెళ్లొచ్చిన రోజుల్లోనూ చేశాడు. వేలు వణికేది. అయినా ఎత్తేవాడు.

ఆ చివరి పెట్టెలు రెండూ, ఆయన పోయాక, ఆమె ఎనిమిది నెలలు ముట్టుకోలేదు. సాధనకు దుకాణంలో కొన్నవి వాడింది. ఇవి ఈ రోజుకని దాచింది.

పొద్దున్నుంచి పేల్చినప్పుడల్లా తుపాకి చేతిలో మెత్తగా కదులుతోంది. అది ఆయన చేతి గుణం అనుకుంది.

ఇప్పుడు కోపం వస్తోంది. మొదట యంత్రం మీద, తర్వాత ఫ్లోరో మీద. చివరికి, ఎంత వద్దనుకున్నా, ఆయన మీదే. అన్నేళ్లలో ఒక్కసారి తప్పడానికి ఈ పెట్టే దొరికిందా?

మూత లోపలి వైపు ఎలిసియో ఒక చీటీ అంటించేవాడు. తేదీ, మందు కొలత. అది తెరిచి ఫ్లోరో ముఖాన పెట్టాలనుకుంది. పెట్టె తీసుకుని దగ్గర్లో ఉన్న బల్ల వైపు విసురుగా నడిచింది.

నెలియా అడ్డంగా వచ్చి మూత మీద అరచెయ్యి పెట్టింది.

"అక్కా, అది ఖాళీ తుపాకి చూసుకునే బల్ల. అక్కడ తూటా ముట్టుకున్నావంటే ఇంటికి పంపేస్తారు. నాకు నేర్పింది నువ్వే."

రొసెండా ఆగిపోయింది. ఇరవై ఏళ్లలో ఆ బల్ల దగ్గరికి తూటాలతో వెళ్లింది లేదు.

వెనక్కి వచ్చి బెంచీ మీద, అరటాకులో చుట్టిన అన్నం పొట్లాల పక్కన కూర్చుంది. మూత తెరిచింది.

ఆ చీటీలు ఆమె ఎప్పుడూ చదివేది కాదు. చదివితే ఆయన్ని తనిఖీ చేసినట్టుంటుందని.

అక్షరాలు వంకరగా ఉన్నాయి. తేదీ, ఆయన రెండోసారి ఆసుపత్రిలో చేరడానికి ముందు వారానిది. అప్పుడు దుకాణంలో పిండి పిసికేది ఆమె ఒక్కతే. నొప్పెడుతున్న కుడి మణికట్టుకు గుడ్డ చుట్టుకుని పిసికేది.

మందు నాలుగు ఉండాల్సిన చోట మూడున్నర అని ఉంది. అంత తగ్గిస్తే తుపాకి చేతిని అంతగా అదరగొట్టదు.

దాని కింద: సాధనకి. చెయ్యి నొప్పి తగ్గేవరకే.

ఏం రాశాడని నెలియా అడిగింది. రొసెండా మూత వేసేసింది.

పందిరి కింద నుంచి ఫ్లోరో పిలిచాడు. చివరిది ఆమె ఇష్టం. ఊడదీసి తూచమంటే తూస్తాడు, పేల్చమంటే పేలుస్తాడు. నూట ఇరవై అయిదుకి తగ్గిన ఆ ఏడునీ ఏదీ పూడ్చదని అతనికీ తెలుసు, ఆమెకీ తెలుసు.

రొసెండా పెట్టెతో లేచి అతని దగ్గరికి వెళ్లింది. "ఆ తూటా ఇటివ్వు."

"రెంట్లో ఒకటి చెప్పాలి వదినా. లేకపోతే సున్నా రాయాలి."

"రాయి."

రాశాడు. కాగితం ఆమె వైపు తిప్పాడు. ఆమె సంతకం పెట్టింది.

తూటా తీసుకుని, ఎలిసియో పెట్టినట్టే గుండు కిందికి ఉండేలా, పెట్టెలోని ఖాళీ గడిలో పెట్టింది.

అవతల చివరి రౌండుకి పేర్లు పిలుస్తున్నారు. రొసెండా తిరిగొచ్చి కూర్చున్న బెంచీ మీంచి లేవలేదు. ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది.

"నొప్పిగా ఉందా అక్కా?" అంది నెలియా.

"లేదు. తగ్గి చాలా రోజులైంది."