ఒక్క ఎర్ర గీత

"సాయంత్రం అయిదింటి వరకే, మాస్టారూ. ఆ తరవాత నా చేతుల్లో ఏమీ లేదు," అన్నాడు పై అధికారి, తలుపు దగ్గరే నిలబడి.

పురుగుల మాస్టారు తలెత్తలేదు. తెల్లకాగితం మడతలో రెక్కల పురుగును పెట్టి బొటనవేలితో నొక్కాడు. బూడిద రంగు గీత పడింది. ఇంకోటి నొక్కాడు. మళ్ళీ బూడిదే.

పదేళ్ళుగా ఆయనది ఒకటే పాట: పురుగు ఏరు దాటి వచ్చి ఇవతలి పంట తింటోంది, మందు రెండు గట్ల మీదా కొట్టాలి అని. ఎవరూ నమ్మలేదు. "గోరంత పురుగు ఏరెలా దాటుతుందండీ, దానికి తెప్ప ఎవరు కట్టిచ్చారు?" అని నవ్వారు.

అందుకే అవతలి గట్టున ఆయన భార్య పురుగుపిల్లల మేతలో రంగు కలిపి పెంచి, రెక్కలొచ్చాక వదిలిపెడుతోంది. తిన్న రంగు పొట్టలో ఉండిపోతుంది. పైకి కనపడదు, నలిపితేనే గీత పడుతుంది. ఇవతలి ఎర బుట్టల్లో పడ్డవాటిలో ఒకే ఒక్కటి ఎర్ర గీత పెడితే చాలు. లేకపోతే ఇవాళ్టితో ఈ పని మూత, మొగుడూ పెళ్ళాలిద్దరూ ఇంటికి.

పని పోతే పోయె. పదేళ్ళ మాట అబద్ధమైపోతుందన్న బాధే ఆయన్ని నమిలేస్తోంది.

రెండువేల మూడువందల పురుగుల్ని నలిపాడు. చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి.

నాలుగున్నరకి చివరి బుట్ట వచ్చింది. అందులో ఒక్కటంటే ఒక్కటే పురుగు, కొన ఊపిరితో ఉంది.

"నువ్వైనా నా పరువు నిలబెట్టవే తల్లీ," అన్నాడు దానితో. నలపడానికి చెయ్యి రాలేదు. ఇదీ బూడిదే అయితే?

పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్న ఎర్ర రంగు సీసా బల్ల మీదే ఉంది. పదేళ్ళలో ఒక్క అంకె కూడా మార్చి రాయని మనిషి, సన్నసూదిని ఆ సీసాలో ముంచి పురుగు పొట్టలో గుచ్చాడు. దాన్ని కాగితం మడతలో పెట్టి, "సార్, ఇది మీరే చూడండి," అని పిలిచాడు. ఆ గొంతు తనది కానట్టే ఉంది.

అధికారి ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. అంతలో ఫోను మోగింది. అవతలి గట్టు నుంచి భార్య.

"ఏమండీ, నా మతిమరుపు మండిపోనూ. ఇక్కడ ఎర్ర రంగు నిండుకుంది. ఈ ఆఖరి విడత మొత్తానికీ నీలమే కలిపాను. సారుకి పంపిన కాగితంలో రాశాను గానీ మీకు చెప్పడం మరిచాను. ఇక మీరు చూడాల్సింది ఎర్ర గీత కాదు, నీలం గీత."

మాస్టారు ఫోను వదిలేసి చెయ్యి చాపాడు. "సార్, ఆగండి" అనబోయాడు. అధికారి బొటనవేలు అప్పటికే మడత మీద ఉంది.

విప్పి చూస్తే, కాగితం మీద ఎరుపూ నీలమూ కలిసిన ఊదా రంగు గీత ఉంది.