పడమటి ఒడ్డు యాస

స్ట్రెచర్ మీద ముసలాయన ఎడమ అరచేత్తో ఎడమ కన్ను గట్టిగా మూసుకున్నాడు.

ఎమ్మారై గది తలుపు తెరిచే ఉంది.

"యాడ్న్!" అని అరిచాడు. "యాడ్న్... ఔగా!"

పేరు ఆర్వే. నార్వే మనిషి. ఒమన్ రేవు పట్టణం దుక్మ్‌లో ఓడల మరమ్మతు పనుల్లో ఇంజనీరు. పనిమీద మస్కట్ వచ్చి నిన్న కుప్పకూలాడు.

కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నిన్నటిదాకా ఇంగ్లీషు గడగడా మాట్లాడేవాడట. పక్షవాతం ఆ భాషను తుడిచేసింది. చిన్ననాటిది ఒక్కటే మిగిల్చింది.

వెంట వచ్చిన కంపెనీ మనిషి స్కాన్‌కు ముందు నింపే ఫారంలో అన్ని ప్రశ్నలకూ 'లేదు' అని టిక్ పెట్టి వెళ్లిపోయాడు.

"ఆ సొరంగంలోకి వెళ్లాలంటే చాలామందికి భయం. మత్తు ఇచ్చేద్దాం," అంది డాక్టర్ అజీజా.

సిరంజి సిద్ధమైంది.

సిస్టర్ కృపావతి ఫోన్‌లో భాషలు మార్చే యాప్ తెరిచి ఆయన నోటి దగ్గర పెట్టింది. రెండుసార్లు పెట్టింది. యాప్‌కు ఒక్క ముక్కా అందలేదు.

పాలకొల్లు నుంచి వచ్చి పంతొమ్మిదేళ్లుగా ఇక్కడ నర్సు. భయపడే పేషెంట్లు ఆమెకు కొత్త కాదు.

ఇది భయం కాదు. ఈయన ఏదో చెబుతున్నాడు.

"డాక్టర్, రెండు నిమిషాలు. మా అమ్మాయికి ఫోన్ చేస్తాను."

"అమ్మాయి డాక్టరా?"

"కాదు మేడమ్."

కూతురు అబిగైల్ హైదరాబాద్‌లో జర్మన్ బీఏ చేసింది. పై చదువుకు జర్మనీ వెళ్లింది. జర్మనీ అనగానే అందరూ ఇంజనీరింగ్ అనుకున్నారు. అది కాదు. స్కాండినేవియా దేశాల సాహిత్యం, సంస్కృతి.

"నార్వే జాలర్ల కథలు చదవటానికి అంత దూరం ఎందుకమ్మా? మన నర్సాపురంలో లేరా జాలర్లు?" అని మస్కట్ రూవీ చర్చిలో శుక్రవారం ఆరాధన అయ్యాక ఒకావిడ నవ్వింది. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

ఆ తర్వాత ఎవరడిగినా కృపావతి "ఎమ్మెస్" అని ఊరుకునేది.

మూడో రింగుకు అబిగైల్ ఎత్తింది.

"క్లాసులో ఉన్నా మమ్మీ."

"బయటికి రా అమ్మలూ. ఇక్కడ నార్వే ఆయన ఏదో చెప్తన్నాడు. ఏవంటన్నాడో చూడు."

స్పీకర్ పెట్టింది.

"యాడ్న్... ఔగా..."

అటువైపు తలుపు మూసిన చప్పుడు.

తర్వాత అబిగైల్ ఆయన భాషలో నెమ్మదిగా ఏదో అడిగింది.

ముసలాయన చెయ్యి కంటి మీంచి జారింది. ఫోన్‌కేసి తల తిప్పాడు. ఆగకుండా మాట్లాడాడు. కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"మమ్మీ, ఆపండి! లోపలికి తీసుకెళ్లొద్దు. కంట్లో ఇనుము ఉందంటున్నాడు. కుర్రతనంలో గ్రైండర్ దగ్గర పనిచేస్తుంటే చిన్న ముక్క ఎగిరిపడిందట. అలాగే ఉండిపోయిందట."

"సరిగ్గా విన్నావా తల్లీ? మాట తప్పితే ప్రమాదం."

"ఇనుముని పుస్తకాల్లో యెర్న్ అంటారు మమ్మీ. నార్వే పడమటి ఒడ్డు పల్లెల్లో యాడ్న్. ఔగా అంటే కన్ను. యాప్‌లకి ఆ యాస తెలీదు. నేను థీసిస్ రాస్తున్నది ఆ పల్లెల కథల మీదే కదా."

కృపావతి ఇంగ్లీషులో చెప్పింది.

డాక్టర్ అజీజా సిరంజి ట్రేలో పెట్టేసి, ఎమ్మారై గది తలుపు తనే మూసింది.

ఎక్స్‌రే తీశారు. ఎడమ కంటిలో తెల్లటి చుక్క. ఆవగింజలో సగం ఉంటుంది.

డాక్టర్ ఆ చుక్కను పెద్దది చేసి చూసింది.

"ఆ అయస్కాంతం దగ్గర పడుకోబెడితే ఈ ముక్క కదిలేది. కన్ను పోయేది. వేరే స్కాన్ చేద్దాం," అంది. తర్వాత ఇటు తిరిగింది. "మీ అమ్మాయి ఏం చదువుతోంది సిస్టర్?"

పక్కన ఇంకో నర్సు సింధూజ మందులు సర్దుతోంది. ఆమె కూడా ఆ చర్చికే వస్తుంది.

"స్కాండినేవియన్ లిటరేచర్," అంది కృపావతి. "నార్వే జాలర్ల కథలు."

అవసరమైనదానికన్నా గట్టిగానే అంది.

మూడింటికి డ్యూటీ అయిపోయింది. బ్యాగు భుజాన వేసుకుని వెళ్తూ ఆర్వే మంచం దగ్గర ఆగింది. ఆయన బొటనవేలు, చిటికెనవేలు చాచి చెవి దగ్గర పెట్టుకుని చూపించాడు.

మళ్లీ అబిగైల్‌కు కలిపింది.

ఆయన ఒక మాట అన్నాడు. అబిగైల్ అదే మాట అంది. ఆయన కాదన్నట్టు తల ఊపి, మళ్లీ పలికాడు. అబిగైల్ మళ్లీ అంది. ఇంకోసారి అంది.

ఆయన సగం మూతితో నవ్వాడు.

"ఏంటంటన్నాడే?"

"నా ఉచ్చారణ దిద్దుతున్నాడు మమ్మీ." అంది అబిగైల్. "పాత రికార్డింగుల్లో వినటమే గానీ, ఈ యాస మాట్లాడే మనిషితో ఎప్పుడూ మాట్లాడలేదు. అప్పుడే ఫోన్ పెట్టెయ్యకు."

"నేనెందుకు పెడతానే? మాట్లాడుకో."

కింద స్టాఫ్ బస్సు రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది.

వాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఒక్క ముక్కా అర్థం కావటం లేదు.

కృపావతి ఫోన్‌ను ఎడమ చేతిలోంచి కుడి చేతిలోకి మార్చుకుని, ఇంకాస్త దగ్గరికి వంగింది.