ఆదివారం వేషం

చింతాద్రిపేట నాటక సమాజంలో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాది చివర అందరూ కూడతారు. ఒక్కొక్కరే లేచి ఆ ఏడు తాము వేసిన వేషాలు చెప్పాలి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టాలి, కుదిరితే ఎగతాళి చెయ్యాలి.

ఈసారి మునిరాజు లేచి, "ఒక్క వేషమూ వెయ్యలేదు" అని కూర్చున్నాడు. పాతికేళ్లుగా స్టేజీ దిగని మనిషి ఆ మాట అనేసరికి ఎవరికీ ఎగతాళి కూడా తోచలేదు. సమాజం నాటకాలన్నీ ఆదివారం సాయంత్రాలే. ఆదివారాలు తనకు కుదరదని ఏడాదిగా తప్పించుకు తిరుగుతున్నాడని అందరికీ కోపమే.

వెయ్యలేదన్నది అబద్ధం. ఈ ఏడాదిలో యాభై ఒక్కసారి వేశాడు. మొహానికి రంగు లేదు, తెర లేదు. వినే మనిషి ఒక్కతే, ఆమెకు కళ్లు కనిపించవు.

ఆమె చెంగమ్మ. తొండియార్‌పేటలో కూతురు రంజని దగ్గర ఉంటుంది. ఒకప్పుడు ముప్ఫై ఏళ్లపాటు ఆ సమాజానికి ఆమే ప్రాంప్టర్. పక్క తెర వెనక పీట వేసుకుని, ఒళ్లో నాటకం పుస్తకం పెట్టుకుని కూర్చునేది. తొలి నాటకంలో మునిరాజు నోరెండిపోయి నిలబడితే మాట అందించి గట్టెక్కించింది ఆమే. నటుడు తడుముకుంటున్నంతసేపూ ఆమె పలికేది కాదు. ఇక పూర్తిగా ఆగిపోయాడని తెలిస్తేనే, అతని ఒక్కడి చెవికే అందేటట్టు గుసగుసగా చెప్పేది. నాటకం అయ్యాక ఆ సంగతి ఎత్తి ఎవరినీ చిన్నబుచ్చేది కాదు. తర్వాత షుగరు ఆమె కళ్లు తినేసింది.

ఆమె కొడుకు బాలమురుగన్, మునిరాజు ఒకే స్టేజీ మీద పెరిగారు. నాటకాలు కూడు పెట్టవని తెలిసి బాలమురుగన్ సరుకుల ఓడలో పనికి పోయాడు. ఎక్కడున్నా ఆదివారం సాయంత్రం ఆరింటికి తల్లికి ఫోన్ చేసేవాడు. నిరుడు తుపానులో ఓడ మీద నుంచి సముద్రంలో పడిపోయాడు. శవం కూడా దొరకలేదు.

కబురు వచ్చేసరికి చెంగమ్మ గుండెకు ఆపరేషన్ అయి పది రోజులు. రంజని తల్లికి చెప్పకుండా నేరుగా మునిరాజు ఇంటికి వచ్చి గడప మీద కూలబడింది.

"అమ్మ తట్టుకోలేదు అన్నా. నీకు మా అన్న గొంతు వస్తాది గదా. ఈ ఒక్క ఆదివారం మాట్లాడు, చాలు."

ఒక్క ఆదివారం కాస్తా ఏడాది అయింది.

మొదటి రోజు ఫ్యాన్ కింద నిలబడి సముద్రపు గాలి పుట్టించాడు. "అమ్మా, అన్నం తింటివా?" అన్నాడు. బాలమురుగన్ మొదటి మాట ఎప్పుడూ అదే. అవతల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత, "తింటి నాయనా. నువ్వు తింటివా?" అని వినపడింది. ఫోన్ పెట్టేశాక మునిరాజు గోడకు తల ఆనించి ఏడ్చాడు. స్నేహితుడి కోసం ఏడవడానికి అప్పటిదాకా అతనికి తీరిక దొరకలేదు.

తప్పులు జరక్కపోలేదు. మునిరాజు ఇల్లు ఆమె ఇంటికి రెండు వీధుల అవతలే. ఒక ఆదివారం హార్బరులో ఓడ కూత వేస్తే ఆమెకు కిటికీలోంచీ ఫోన్లోంచీ ఒకేసారి వినపడి ఉండాలి. మునిరాజుకు దొంగకు తేలు కుట్టినట్టయింది. ఆమే, "ఆడా ఈడా ఓడలన్నీ ఒకే మాదిరి అరుస్తాయిలే" అని మాట మార్చింది. ఇంకోసారి నోరుజారి, తను మామూలుగా పిలిచినట్టే "పెద్దమ్మా" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఆమెకు దగ్గు వచ్చింది. గండం గడిచిందనుకున్నాడు.

బుధవారాలు మునిరాజుగానే చూడటానికి వెళ్లేవాడు. ఆమె కొడుకు కబుర్లే చెప్పేది. "పోయిన వారం మావాడు శానా వేగంగా మాట్లాడినాడు మునిరాజూ. వాడు నిదానం మనిషి గదా. పనెక్కువేమో." మునిరాజు తల ఊపి, వచ్చే ఆదివారం నిదానంగా మాట్లాడేవాడు.

ఎప్పుడొస్తావని మాత్రం ఆమె ఏడాదిలో ఒక్కసారీ అడగలేదు. అది తన అదృష్టమే అనుకున్నాడు.

ఈ ఆదివారంతో బాలమురుగన్ పోయి ఏడాది. పొద్దునే రంజని తల్లికి తెలియకుండా సముద్రం ఒడ్డుకు పోయి, అన్న పేరున నాలుగు పూలు నీళ్లలో వదిలి వచ్చింది. మధ్యాహ్నం సమావేశంలో వేషాలేమీ లేవని చెప్పి ఇంటికి వచ్చిన మునిరాజుకు తన మీద తనకే అసహ్యం వేసింది. పాతికేళ్లు నేర్చుకున్న విద్య చివరికి ఎందుకు పనికొచ్చింది? ఒక తల్లిని కొడుకు కోసం ఏడవనివ్వకుండా చేయడానికి. ఇక చాలు, ఈరోజు నిజం చెప్పేద్దామనుకున్నాడు.

ఆరయింది. ఫ్యాన్ వెయ్యలేదు. రంజని ఫోన్ తీసి తల్లి చెవి దగ్గర పెట్టింది.

"అమ్మా..." అన్నాడు. పాడు అలవాటు, బాలమురుగన్ గొంతే వచ్చింది.

తర్వాతి మాట రాలేదు. నిజమూ రాలేదు, అబద్ధమూ రాలేదు. తొలి నాటకం రోజులాగే నోరెండిపోయి నిలబడ్డాడు. అవతల ఆమె ఊపిరి వినిపిస్తోంది. నిమిషం గడిచింది.

అప్పుడు, వెనకటికి పక్క తెర వెనక నుంచి పలికినట్టే, అతని ఒక్కడి చెవికే అందేటట్టు చెంగమ్మ గుసగుసగా అంది, "'అన్నం తింటివా' అను, మునిరాజూ."